గేటు దగ్గరి లెక్క సరే, లోపలి లెక్కేదీ?

ఒకే కాలేజీ, ఒకే క్లాసు, ఒకే బెంచీ. దాని మీద ఇద్దరు తెలుగు పిల్లలు. ఒకడు సూళ్లూరుపేట కుర్రాడు. పొద్దున్నే లోకల్ రైలెక్కి గుమ్మిడిపూండి, పొన్నేరి దాటుకుంటూ చెన్నై చేరతాడు. రెండో ఆమె ఉత్తర చెన్నైలోనే పుట్టి పెరిగిన పిల్ల. తాత, తండ్రి కార్పొరేషన్ పారిశుధ్య కార్మికులు. మూడు తరాలుగా తమిళనాట ఉన్నా ఇంట్లో మాత్రం తెలుగే. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే.

కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో నూటికి పది మార్కులు ఒక ప్రత్యేక అంశానికి కేటాయించారు. కాలేజీ ఎంతమందిని, ఎన్ని రకాల వారిని కలుపుకుపోతోందన్నదే ఆ అంశం. ఆడపిల్లలెందరు, ఆర్థికంగా సామాజికంగా వెనకబడినవారెందరు, వికలాంగులకు వసతులున్నాయా, ఇతర రాష్ట్రాల విద్యార్థులెందరు అని అందులో చూస్తారు. సూళ్లూరుపేట కుర్రాడు సరిహద్దు దాటి వచ్చాడు కాబట్టి కాలేజీకి 'వైవిధ్యం' కింద లెక్కకొస్తాడు. ఉత్తర చెన్నై పిల్ల ఆడపిల్లగా ఒక గడిలో, ఫీజు రాయితీ పొందే విద్యార్థినిగా ఇంకో గడిలో పడుతుంది. ఆమె తెలుగు పిల్ల అన్న సంగతి మాత్రం ఏ గడిలోనూ పడదు. ఇద్దరిదీ ఒకే భాష. ఒకరిది వైవిధ్యం, ఇంకొకరిది ఏమీ కాదు!

ముప్పయ్యేళ్లు చెన్నైలో పాఠాలు చెప్పి రిటైరైనవాడిగా ఈ లెక్కల మీద నాకు గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది. లెక్క వద్దని చెప్పడానికి కాదు ఈ నాలుగు మాటలు. సగంలో ఆపేసిన లెక్కను పూర్తి చేయమని అడగడానికే.

లెక్క మొదలైంది ఈ ఊళ్లోనే

కాలేజీల్లో ఎవరున్నారు, ఎవరు లేరు అని వేలు పెట్టి చూపించిన తొలి నగరాల్లో మన చెన్నపట్నం ఒకటి. 1914 నాటికి మద్రాసు విశ్వవిద్యాలయంలో రిజిస్టరైన పట్టభద్రులు 650 మంది. అందులో 452 మంది బ్రాహ్మణులు. బ్రాహ్మణేతర హిందువులు 124 మంది. మిగిలిన వర్గాలన్నీ కలిపి 74. ఇంట తెలుగు మాట్లాడే పిట్టి త్యాగరాయ చెట్టి 1916 డిసెంబరులో బ్రాహ్మణేతర ప్రణాళిక వెలువరించారు. జస్టిస్ పార్టీ రాజకీయానికి ఆయుధాలైనవి ఇలాంటి అంకెలే. టి.నగర్‌లో బస్సు దిగే మనవాళ్లలో ఆ 'టి' త్యాగరాయ చెట్టిదేనని ఎందరికి తెలుసో! ఆ పక్కనే ఉన్న పానగల్ పార్కు కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా పేరు మీద వెలిసింది. 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్రానికి ఆయనే ముఖ్యమంత్రి. తొలి కమ్యూనల్ జీవో వచ్చింది 1921లో, ఆయన హయాంలోనే.

ఆ జీవో ఉద్యోగాల నుంచి కాలేజీ సీట్ల దాకా విస్తరించింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లనూ బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 1, ముస్లింలకు 1 చొప్పున పంచేవారు. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో దీన్ని కొట్టేసింది. ఆ వెంటనే జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, 15(4) అధికరణం పుట్టింది. దేశమంతా ఈనాడు కాలేజీ సీట్లలో అనుభవిస్తున్న రిజర్వేషన్లకు వెనక ఈ ఊరి తగువొకటి ఉందన్నమాట.

లెక్కపెడితే ఒరిగిందేమిటి?

చాలానే ఒరిగింది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చితే ఉన్నత విద్యలో చేరికల రేటు దేశం మొత్తం మీద 28.4 శాతం. తమిళనాడులో 47. దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది ఆడపిల్లలే. మా అమ్మ కాలంలో ఊళ్లో ఒక ఆడపిల్ల బి.ఏ. చదివిందంటే పక్క ఊళ్ల వాళ్లు వచ్చి చూసి వెళ్లేవారట!

మనకు మరీ దగ్గరి ఉదాహరణ అరుంధతీయులది. తమిళనాడు రిజర్వేషన్లు 69 శాతం. అందులో ఎస్సీలకు 18. ఆ పద్దెనిమిదిలో ఆది ఆంధ్ర, మాదిగ, అరుంధతీయర్, చక్కిలియన్, మాదారి, పగడై, తోటి అనే ఏడు కులాల పిల్లలకు దక్కుతున్నదెంత అని చాలాకాలం ఎవరూ విడిగా చూడలేదు. వీరిలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు అనేకం. చెన్నై వీధులు ఊడ్చే చేతుల్లో ఎన్ని తెలుగు చేతులున్నాయో ఇక్కడ ఉంటున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2008లో జస్టిస్ జనార్థనం కమిటీ ఆ లెక్క తీసింది. 2009లో చట్టం వచ్చింది. పద్దెనిమిదిలో మూడు శాతం వారికంటూ విడిగా దక్కింది. ఎస్సీల్లో ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. సరిహద్దుకు అవతల ఇదే కోరిక మీద దశాబ్దాలపాటు ఉద్యమం నడిచిన సంగతి పాఠకులకు తెలిసిందే.

ఐఐటీల సంగతి చూడండి. 2016 ప్రాంతంలో బి.టెక్‌లో చేరే అమ్మాయిలు నూటికి ఎనిమిది మందే. ఈ అంకె చూసి సిగ్గుపడ్డాకే 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు సృష్టించారు. మొదటి ఏడు 14 శాతం, మరుసటి ఏడు 17, 2020కి 20 అని లక్ష్యం పెట్టుకుని సాధించారు. మన ఐఐటీ మద్రాసూ అందులో భాగమే. అయితే ఆ తర్వాత అంకె ఇరవై దగ్గరే కూర్చుంది. లక్ష్యం రాసుకున్నంత మేరే నడక సాగిందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

లెక్క లేకపోతే వెనకడుగు కూడా కనబడదు. మనవాళ్ల పిల్లలు కలలుగనే అమెరికాలో 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని పరిగణించడాన్ని ఆపేసింది. మరుసటి ఏడు ఎంఐటీలో చేరిన కొత్త బ్యాచిలో నల్లజాతి విద్యార్థులు 5 శాతానికి పడిపోయారు. అంతకు ముందు ఏళ్లలో ఆ వాటా 13 శాతం దాకా ఉండేది. ఆ తీర్పు మంచిదా చెడ్డదా అని అక్కడ వాదించుకునేవారు ఇరువైపులా ఉన్నారు. వాదించుకోవడానికైనా చేతిలో అంకె ఉంది కదా!

చేరడం వేరు, ఇమడడం వేరు

ఇక్కడే అసలు చిక్కు. మనం లెక్కపెట్టేదంతా గేటు దగ్గరే. లోపలికి వెళ్లాక ఆ పిల్ల ఏమైందన్నది ఏ పట్టికలోనూ ఉండదు.

1940లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఒక తెలుగమ్మాయి చేరింది. పేరు అయ్యలసోమయాజుల లలిత. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు, చంకలో పసిపాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు అదే కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పట్టుదలతో సీటొచ్చింది. కాలేజీ నిండా మగపిల్లలు. హాస్టల్లో ఆమె ఒక్కతే. ఆనాటి కాలేజీ రికార్డులో 'స్త్రీలు: 1' అని రాసుకుంటే వైవిధ్యం సున్నా నుంచి ఒకటికి పెరిగినట్టే. కానీ ఆ 'ఒకటి'కి సాయంత్రం మాట్లాడేందుకు మనిషి లేదు. ఆ తర్వాత లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అనే మరో ఇద్దరు సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాకే ఆమెకు తోడు దొరికింది. చదువు ముగిశాక ఇచ్చిన సర్టిఫికెట్ మీద 'అతడు' అని అచ్చయి ఉంటే, కొట్టేసి 'ఆమె' అని చేత్తో దిద్దాల్సి వచ్చిందని చెబుతారు. సీటు ఇచ్చేశారు గానీ కాగితం ఇంకా ఆమె కోసం సిద్ధం కాలేదు. లలితగారు ఆ తర్వాత భాక్రానంగల్ వంటి ప్రాజెక్టులకు పనిచేసే స్థాయికి ఎదిగారు. అందరూ లలితలు కాలేరు. ఒంటరితనానికి తట్టుకోలేక తిరిగి ఇంటికెళ్లిపోయే పిల్లలే ఎక్కువ.

వెళ్లిపోయేవారి సంఖ్య చిన్నదేం కాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి అయిదేళ్లలో 13 వేల మందికి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు బయటికెళ్లారని 2023 డిసెంబరులో కేంద్రమే లోక్‌సభకు తెలిపింది. వీరిలో వేరే కోర్సులకు, వేరే సంస్థలకు మారినవారూ ఉంటారని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. నిజమే కావచ్చు. మరి అందులో మారినవారెందరు, మానేసినవారెందరు? ఆ విభజన చేయనంతకాలం ఎవరికి నచ్చినట్టు వారు చెప్పుకోవచ్చు.

గడిలో పట్టని మనం

2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షల మందికి పైనే. రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. ఒక్క చెన్నైలోనే నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది పిల్లల్లో డిగ్రీకి వస్తున్నదెందరు, పూర్తి చేస్తున్నదెందరు? ఉన్నత విద్యా సర్వేలో మతపరమైన మైనారిటీలకు గడులున్నాయి, భాషాపరమైన మైనారిటీకి లేదు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబిచ్చే కాగితం లేదు.

కాలేజీలో పార్ట్ వన్ కింద తమిళమో మరో భాషో తీసుకోవచ్చు. నేను మొదట్లో చెప్పిన సూళ్లూరుపేట కుర్రాడు ఫ్రెంచి తీసుకున్నాడు. అదేంట్రా అంటే, 'తెలుగు లేదు సార్, హిందీ రాదు, ఫ్రెంచి అయితే మార్కులొస్తాయన్నారు' అన్నాడు. ఉత్తర చెన్నై పిల్ల తమిళమే తీసుకుంది. ఆమెకు తమిళం బాగానే వచ్చు. అందులో బాధేమీ లేదు. ఏ నేల మీద బతుకుతామో ఆ నేల భాష నేర్వడం మర్యాద, అవసరం కూడా. 2006 తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరై, మాతృభాష ఐచ్ఛికమైంది. బడిలో తెలుగు చదివే పిల్లలు తగ్గితే కాలేజీలో తెలుగు సెక్షన్ నిండదు. నిండలేదు కాబట్టి ఎత్తేస్తారు. ఎత్తేశారు కాబట్టి తర్వాతి పిల్లలు అడగరు. చివరికి 'డిమాండ్ లేదు' అని రాస్తారు. అడిగేవాళ్లు ఎందుకు లేకుండా పోయారో ఎవరూ రాయరు.

మన తప్పూ లేకపోలేదు. ఆ పిల్ల అప్లికేషన్ ఒకసారి నా చేతికొచ్చింది. మాతృభాష అన్నచోట తమిళం అని ఉంది. 'ఇంట్లో తెలుగే కదమ్మా?' అన్నా. 'అవును సార్. అట్లా రాస్తే గొడవ ఉండదని మా మామ చెప్పినాడు' అంది. ఏం గొడవో ఆ మామకూ తెలీదు, ఆ పిల్లకూ తెలీదు. ఇట్లా ఇంటింటా ఒక మామ ఉంటే, లెక్క తీసేవాడు వచ్చినా మనం దొరకం.

ఏం లెక్కపెట్టాలి?

పెద్ద కమిటీలేం అక్కర్లేదు. కాలేజీ ఆఫీసులో ఇప్పటికే ఉన్న రిజిస్టర్లతో చేయగల పనులే ఇవి.

మొదటిది, చేరినవారి పక్కనే చివరిదాకా ఉన్నవారినీ రాయాలి. ఉదాహరణకు ఇలా అనుకుందాం. ఒక వర్గం నుంచి 40 మంది చేరి, మూడో ఏడాది చివర 38 మంది పరీక్ష రాశారు. ఇంకో వర్గం నుంచీ 40 మందే చేరారు, 26 మందే రాశారు. చేరికల పట్టికలో రెండూ సమానం. రెండో పట్టిక వేస్తేనే ఆ 14 మంది ఎక్కడని అడగాలనిపిస్తుంది.

రెండోది, భాష. ఇంట్లో మాట్లాడే భాష ఏదో, బడి ఏ మీడియమో, పార్ట్ వన్ కింద ఏది కోరారో, ఏది దొరికిందో నాలుగూ రాయాలి. కోరినదానికీ దొరికినదానికీ మధ్య తేడాయే అసలు డిమాండ్.

మూడోది, తరగతి బయటి బతుకు. హాస్టల్ సీట్లు ఎవరికి, విద్యార్థి సంఘాల్లో ఎవరు, క్యాంపస్ ఇంటర్వ్యూలకు ఎవరిని పిలిచారు, ఎవరికి ఉద్యోగమొచ్చింది. వికలాంగులకు ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లివ్వాలని 2016 చట్టం చెబుతోంది. సీటు ఇచ్చి, లేబొరేటరీని రెండో అంతస్తులో పెట్టి, లిఫ్టు లేకపోతే ఆ 5 శాతం ఎవరికి?

నాలుగోది, ఫిర్యాదులు. కాలేజీల్లో సమాన అవకాశాల విభాగం, వివక్షపై ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని 2012లోనే యూజీసీ నిబంధనలు పెట్టింది. 2026 జనవరిలో వాటి స్థానే కొత్త నిబంధనలు తెస్తే, అదే నెలలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ తగువు అలా ఉంచి ఒక్క మాట. 'ఈ ఏడాది ఫిర్యాదులు సున్నా' అని గొప్పగా రాసుకునే కాలేజీని చూసి మురిసిపోకండి. సున్నా అంటే వివక్ష లేదని కావచ్చు, చెప్పుకునే ధైర్యం లేదనీ కావచ్చు. ఫిర్యాదులు పెరిగాయంటే పిల్లలకు నమ్మకం కుదిరిందేమో! అందుకే ఎన్ని వచ్చాయన్నది మాత్రమే చాలదు. ఎన్ని రోజుల్లో తేల్చారో, ఫిర్యాదు చేసిన పిల్ల ఆ తర్వాత కూడా కాలేజీలో ఉందో లేదో చూడాలి.

అయిదోది, అడగడం. ఏడాదికొకసారి పేర్లు రాయని చీటీల మీద నాలుగు ప్రశ్నలు చాలు. క్లాసులో చెయ్యెత్తి మాట్లాడగలవా? కష్టమొస్తే చెప్పుకునే లెక్చరర్ ఒక్కరైనా ఉన్నారా? నీ భాషకో, కులానికో, మతానికో ఎవరైనా నవ్వారా? మానేద్దామని ఎప్పుడైనా అనిపించిందా?

లెక్కపెడితే చీలికలు రావా?

ఈ ప్రశ్న వేసేవారు దురుద్దేశంతో వేస్తున్నారని అనను. 'క్లాసులో అందరూ సమానమే, మళ్లీ కులం, భాష అడిగి విడదీయడం ఎందుకు?' అని నాతో పనిచేసిన మంచి మాస్టర్లే అనేవారు. వారి క్లాసులో వెనక బెంచీలో ఎవరు కూర్చునేవారో వారు గమనించలేదంతే. అడగకపోతే తేడా పోదు, కనబడకుండా ఉంటుంది.

అయితే జాగ్రత్త మాత్రం తప్పదు. ఒక క్లాసులో ఒకే ఒక్క ఎస్టీ విద్యార్థి ఉంటే, 'ఎస్టీల ఉత్తీర్ణత సున్నా' అని నోటీసు బోర్డు మీద పెట్టడం ఆ ఒక్కడి మార్కుల జాబితా అంటించడమే. అయిదుగురికంటే తక్కువ ఉన్నచోట విడిగా ప్రకటించకుండా, మూడు నాలుగేళ్లవి కలిపి చెప్పొచ్చు. చెప్పడం ఇష్టం లేనివారికి 'చెప్పను' అనే గడి ఉండాలి. ఈ లెక్కలు కాలేజీ పనితీరు చూడ్డానికేగానీ పిల్లల్ని వేలెత్తి చూపడానికి కాకూడదు.

మన వంతు

చెన్నైలో తెలుగు సంఘాలకు కొదవలేదు. ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, శాలువాలు ఘనంగా జరుగుతాయి. జరగనివ్వండి. వాటితోపాటు ఈ ఏడు ఒక పని పెట్టుకుంటే బాగుంటుంది. తమ పేటలోని కాలేజీలకు వెళ్లి 'మీ దగ్గర తెలుగు పిల్లలు ఎందరు చేరారు, ఎందరు చదువు పూర్తి చేశారు, పార్ట్ వన్‌లో తెలుగు అడిగితే ఇస్తారా?' అని రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలైతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. పారిశుధ్య కార్మికుల కాలనీల్లో సాయంత్రం పూట కూర్చుని అప్లికేషన్లు నింపిపెట్టే నలుగురు పెద్దలున్నా చాలు. మన సంఘాల సభల్లో ముందు వరసల్లో ఆ కాలనీల వాళ్లు ఎందరున్నారో కూడా అదే చేత్తో లెక్కపెట్టుకుంటే మంచిది. కాలేజీని అడిగే ప్రశ్న మన ఇంట్లోనూ అడగాలి కదా!

ఆ ఉత్తర చెన్నై పిల్ల మూడేళ్లూ చదివింది, పాసైంది. చివరి రోజు వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది. పీజీ అప్లికేషన్. 'ఒకసారి చూడండి సార్' అంది. మాతృభాష అన్నచోట ఈసారి తెలుగు అని రాసుంది. ఏం గొడవా రాలేదు. ఆ ఒక్క మాటను అందుకుని లెక్కలో వేసుకునే గడి మాత్రం ఇంకా రావాల్సే ఉంది.